నీళ్లు పోయని కడుగుడు

ఈ ఉదయం సెల్లారులో నేను కారు తుడుస్తూ ఉండగా ఎదురు ఫ్లాటు మాస్టారు ఆగి, "ఏమ్మా, నీళ్లు పోయకుండా అలా తుడిచేస్తే గీతలు పడవూ?" అని అడిగి, నా సమాధానం కోసం చూడకుండానే లిఫ్టు ఎక్కి వెళ్లిపోయారు. రాత్రి పదకొండు దాటినా ఆ మాట నన్ను వదలడం లేదు. ఆయన అడిగినది అడగవలసిన ప్రశ్నే. కానీ రోజూ తెల్లవారుజామున తన కారు మీద జరుగుతున్నదాన్ని ఇన్నాళ్లూ చూస్తూ ఊరుకుని, ఆ ప్రశ్న నన్ను అడగడమే మనసుకు పట్టలేదు.

మా సెల్లారులో అందరి కార్లూ తెల్లవారుజామున తుడిచే అబ్బాయి ఒకడున్నాడు. అతని దగ్గర ఒక బకెట్టు, ఒక పాత బనియన్ గుడ్డ ఉంటాయి, వాటితోనే వరసలోని కార్లన్నీ అయిపోవాలి. రెండో మూడో కారుకే బకెట్టులో నీళ్లు చిక్కబడి అడుగు కనిపించదు. చక్రాలు తుడిచిన గుడ్డనే అదే నీళ్లలో ఒకసారి ముంచి పిండి, బానెట్టు మీద గుండ్రంగా తిప్పుతాడు. ఇక్కడి దుమ్ములో గ్రానైటు రాతి నుంచి వచ్చిన క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి, అవి కారు రంగు కంటే ఎంతో గట్టివి. రంగును కాపాడే పైపొర, అదే క్లియర్ కోటు, మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్ల మందం మాత్రమే ఉంటుంది, అంటే తలవెంట్రుక కంటే పలుచన. మా ముదురు నీలం కారు మీద ఫోను టార్చి వేసి చూస్తే, వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు వలయాలుగా కనిపిస్తాయి. ఆ గీతలు ఏ ఒక్కరోజో పడినవి కావు, నెలకు ఇంత అని డబ్బిచ్చి మేమందరం పెట్టించుకున్నవి. అందుకే చాలాకాలంగా మా కారు అతని చేత తుడిపించడం లేదు.

నేను చేసే పద్ధతిలో చివర నీళ్లు కొట్టి జాడించడం ఉండదు. దాని కోసమే తయారుచేసిన ద్రవం దొరుకుతుంది. అది మామూలు షాంపూ కాదు, నురగ దాదాపు రాదు. నా సీసా మీద 256 పాళ్ల నీళ్లకు ఒక పాలు అని రాసి ఉంది కాబట్టి, బకెట్టులో ఏడున్నర లీటర్ల నీళ్లు పోసి 30 మిల్లీలీటర్లు కలుపుతాను. అందులోని పాలిమర్లు మట్టి రేణువు చుట్టూ చేరి, అది రంగును గీరకుండా జారేలా చేస్తాయి. ముందుగా అదే నీటిని స్ప్రే సీసాలో నింపి తలుపు మీద ధారాళంగా కొట్టి ఒకటి రెండు నిమిషాలు నాననిస్తాను. తర్వాత ఆ బకెట్టులో తడిపి పిండి నాలుగు మడతలు వేసిన మైక్రోఫైబర్ గుడ్డను, బరువు వేయకుండా, ఒకే దిక్కుగా లాగుతాను. ఒక మడతతో లాగాక ఆ మడతను మళ్లీ రంగుకు తగలనివ్వను, మడతలన్నీ అయిపోతే ఆ గుడ్డను పక్కన పడేసి కొత్తది తీసుకుంటాను తప్ప మళ్లీ బకెట్టులో ముంచను. వెంటనే పొడి గుడ్డతో ఒత్తి ఆ భాగాన్ని ఆరబెట్టి, ఆ తర్వాతే పక్క భాగానికి వెళతాను. పైకప్పుతో మొదలుపెట్టి కిందికి రావాలి, చక్రాలకు వేరే గుడ్డలు ఉండాలి, నేల మీద పడిన గుడ్డను ఆ పూటకు మరచిపోవాలి.

ఇదంతా కొత్తగా వచ్చిన విద్య అని మాస్టారు అనుకుంటున్నారు గానీ, నాకు దీని మొదటి పాఠం గోదావరి కాలువ గట్టున దొరికింది. మా నాన్నగారి అంబాసిడర్‌ను నడిపే డ్రైవరు బాబాయి, కాలువలో నీళ్లున్నన్నాళ్లూ బండిని రేవులోకి దింపి బిందెలతో కుమ్మరించేవాడు. వేసవిలో కాలువలు కట్టేస్తే ఇంటి బావి మిగిలేది, అందులోనూ నీరు అడుగంటేది. అప్పుడు బాబాయి పాత తువ్వాళ్లు తడిపి బానెట్టు మీద, డిక్కీ మీద పరిచి, బీడీ ముట్టించుకుని తీరుబడిగా కూర్చునేవాడు. నేను తొందరపెడితే, "మట్టి మెత్తబడాలి పాపా, ఎండు మట్టిని ముడితే బండి ఏడుస్తుంది" అనేవాడు. ఆ తువ్వాలును రుద్దకుండా, అంచు పట్టుకుని తన వైపుకి మెల్లగా లాగి తీసేవాడు, దానితోపాటే దుమ్ము వచ్చేసేది. ఆ చోట అరచేయి ఆనించి, చెవి దగ్గరగా పెట్టి, కరకర వినిపిస్తే మళ్లీ తడి తువ్వాలు పరిచేవాడు. నేను సీసాతో కొట్టి నానబెడుతున్నది ఆయన తువ్వాలుతో చేసిన పనే. ద్రవం మారిందంతే.

ఇంతవరకు రాశాక, మాస్టారి మాటలో సగం నిజముందని ఒప్పుకోవాలనిపిస్తోంది. వానాకాలంలో రోడ్డు తవ్విన చోట నుంచి వచ్చిన బండికి, చక్రాల పైన, తలుపుల కింది అంచున ఎర్రమట్టి గడ్డకట్టి ఉంటుంది. దాన్ని ఏ ద్రవమూ గుడ్డ కింద జారనివ్వదు, ముందు నీళ్లు కొట్టి వదిలించాల్సిందే. బాబాయి కూడా బురద బండికి తువ్వాళ్లు పరిచేవాడు కాదు, బావి ఎంత అడుగంటినా చేదతో తోడి పోసేవాడు. కాబట్టి నీళ్లే అక్కరలేదని నేను అనను. మామూలు దుమ్ముకు అక్కరలేదంటాను. బెంగళూరులో 2024 మార్చిలో తాగునీటితో కార్లు కడిగితే ఐదు వేల రూపాయల జరిమానా అన్నారు. మా బోరు కూడా ఎండల్లో చేతులెత్తేస్తే ట్యాంకర్ల మీద బతుకుతున్నాం. పైగా ఆ బోరు నీళ్లు కొట్టి వదిలేస్తే, అద్దాల మీద, రంగు మీద ఉప్పు మరకలు తెల్లగా మిగిలిపోతాయి.

ఆ అబ్బాయి మీద కోపం కూడా రాస్తూ ఉండగానే దారి మళ్లింది. ట్యాంకరు ఖర్చు పెరిగిందని అతనికి పూటకు ఒక్క బకెట్టు నీళ్లే ఇవ్వాలని తీర్మానించింది మా అసోసియేషనే. గుడ్డలు కొనివ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, ఇన్ని కార్లూ ఏడు గంటల లోపు ముగించాలన్న షరతు మాత్రం ఉంది. అతను గుండ్రంగా రుద్దకపోతే ఇంకెలా తుడవగలడు? ఈ నెల సమావేశంలో రెండు అడుగుతాను: ఒక్కో ఇంటివారు తమ కారుకు ఆరు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక స్ప్రే సీసా తామే కొనిపెట్టాలి, అతను రోజూ కాకుండా వారానికి రెండుసార్లు తుడిచినా జీతం తగ్గించకూడదు. రెండోదానికే ఎక్కువమంది ఒప్పుకోరు, దాని మీదే గట్టిగా మాట్లాడాలి.