రంగును ముట్టుకోకుండానే

ఈ మధ్య ఒక పాత తైలవర్ణ చిత్రాన్ని, రంగుల్లో ఏ మూలకాలున్నాయో చెప్పే ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్‌తో పరీక్షిస్తుంటే పక్కన నిలబడి చూశాను. పరికరం మూతి చిత్రానికి దగ్గరగా వచ్చినప్పుడల్లా నాకు టెన్షన్. కానీ అది కాన్వాస్‌ను తాకనే తాకదు. రవ్వంత రంగు కూడా గీకక్కర్లేదు.

ఎక్స్‌రే తగలగానే పరమాణువు లోపలి కక్ష్యలోంచి ఒక ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. పై కక్ష్యలోది ఆ ఖాళీలోకి దిగుతూ మరో ఎక్స్‌రేను వదులుతుంది. దాని శక్తి ఒక్కో మూలకానికి ఒక్కోలా ఉంటుంది. ఎరుపులో పాదరసం పలికితే అది ఇంగిలీకం అనే ఎర్ర రంగే. తెలుపులో సీసం ఉంటే సీసపు తెలుపు. పాత చిత్రమని చెప్పినదాంట్లో టైటానియం తెలుపు బయటపడితే మాత్రం ఆలోచించాలి, ఎందుకంటే ఆ రంగు 20వ శతాబ్దంలోనే చిత్రకారుల చేతికొచ్చింది. తర్వాత ఎవరో మరమ్మతు చేసి ఉండొచ్చు కూడా. తొందరపడి నకిలీ అనేయడం అన్యాయం.

వాన్ గో 1887లో వేసిన పచ్చిక చిత్రం కింద దాగిన స్త్రీ ముఖాన్ని 2008లో వెలికితీసింది ఈ పద్ధతే. పాదరసం, యాంటిమొనీ ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తిస్తూ పోతే ముఖం రంగులు తేలాయి. ఎంత ఓపిక!

నేను చూసిన చిత్రంలో ముదురు నీలం దగ్గర ఇనుము, రాగి, కోబాల్ట్ ఏవీ పలకలేదు. నీలిమందు కావచ్చు, అల్ట్రామెరైన్ అనే నీలి రంగు కావచ్చు. ఆ రెండింట్లోనూ ఉండే తేలిక మూలకాలను ఈ పరికరం సరిగా పట్టలేదు. లేజర్ కాంతితో పదార్థాన్ని గుర్తించే రామన్ పరీక్ష చేస్తామన్నారు, ఫలితం కోసం ఎదురుచూస్తున్నాను.