పాత అపార్ట్‌మెంట్‌లో ఎలుకల పని: డక్ట్ నుంచి మొదలుపెట్టాలి

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, నారాయణగూడ వైపు పాత అపార్ట్‌మెంట్లలో ఎలుకల బెడద ఒక ఫ్లాట్‌ది కాదు, మొత్తం బిల్డింగ్‌ది. మూడో అంతస్తులో బోను పెడితే నాలుగో అంతస్తుకు పోతాయి. బాత్రూమ్‌ల వెనక పైపులు దిగే సందు, అంటే డక్టే వాటికి మెట్లు. అందుకే అసోసియేషన్ తరఫున ఈ పని చూసినప్పుడు, అన్ని ఫ్లాట్లూ ఒకే వారంలో చేయించుకునేలా ముందే మాట తీసుకున్నాను. ఒక్క ఇల్లు తాళం వేసి ఉన్నా మిగతా ఖర్చంతా దండగే.

ముందు ఏ ఎలుకో తేల్చుకోవాలి. పెంటికలు బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుక. అర అంగుళం ఉండి కొసలు మొనదేలితే పైపులూ కేబుళ్లూ పట్టుకుని ఎక్కే ఇంటి ఎలుక. సెల్లార్‌లో బొరియ పక్కన మట్టికుప్ప ఉంటే పందికొక్కు. పొడుగు మూతితో కంపుకొడుతూ గోడవారన పరిగెత్తే చుంచు మాత్రం పురుగులు తినేది, దాని జోలికి పోనక్కర్లేదు. దారులు తెలియాలంటే రాత్రి సందుల దగ్గర రాతి ముగ్గు పల్చగా చల్లి, పొద్దున అడుగులు చూడాలి. బియ్యప్పిండి చల్లితే విందు పెట్టినట్టే. బొరియలో కాగితం ఉండ కుక్కండి, తెల్లారేసరికి బయటికి తోసేసి ఉంటే అందులో కాపురం ఉన్నట్టు.

పని వరుస చాలా ముఖ్యం. కంగారుగా అన్ని రంధ్రాలూ ఒకేసారి మూసేస్తే లోపలున్నవి అటక మీదో ఫాల్స్ సీలింగ్‌లోనో చచ్చి, వారాల తరబడి కంపు. ముందు బయటి దారులు, తర్వాత బోన్లు, అవి ఖాళీగా ఉండటం మొదలయ్యాక లోపలి కన్నాలు.

బయటంటే పగిలిన డ్రైనేజీ చాంబర్ మూతలు, డక్ట్ అడుగు తలుపు, పైపులు గోడలో దూరే చోట్లు. చిట్టెలుక ఆరు మిల్లీమీటర్ల సందులో దూరగలదు కాబట్టి మెష్ కన్ను అంతకు మించకూడదు, అదీ వెల్డెడ్ జీఐ (జింకు పూత ఉన్న ఇనప) మెష్. ఒట్టి సిమెంటు పూస్తే పచ్చిగా ఉండగానే రాత్రి తవ్వేస్తాయి. ముందు మెష్ స్క్రూలతో బిగించి, దాని మీద ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపిన మాలు పూయాలి, అదీ పొద్దున్నే. సందులు పూడ్చే ఫోమ్ ఒక్కటే కొట్టించుకుంటే కొరికేస్తాయి. నహానీ ట్రాప్‌కు (బాత్రూమ్ నేలలో నీళ్లు పోయే కన్నానికి) ప్లాస్టిక్ జాలీ చాలదు, స్టీల్ జాలీ స్క్రూలతో బిగించాలి. ఎలుకలు ఎక్కకుండా పైపులకు రేకు గొడుగులు పెట్టమంటారు గానీ, మన డక్టుల్లో పైపులు గోడకు ఆనుకుని ఉంటాయి, గొడుగు కూర్చోదు. ప్రతి ఫ్లాట్ వైపు కన్నం మూయడమే దారి.

ఎలుకలు కొత్త వస్తువును అనుమానిస్తాయి. బోనులో ఎర పెట్టి, మూడు నాలుగు రాత్రులు తలుపు పడకుండా కట్టి ఉంచాలి. కాల్చిన ఎండుకొబ్బరి ముక్క దారంతో కట్టండి, లేకపోతే లాక్కుపోతాయి. స్ప్రింగు బోను గోడకు అడ్డంగా, ఎర ఉన్న కొస గోడను తాకేలా పెట్టాలి. తక్కువ బోన్లు పెట్టడమే చాలాచోట్ల జరిగే పొరపాటు. వంటింటికి కనీసం రెండు, సెల్లార్‌లో గోడవారన రెండు మూడు మీటర్లకొకటి కావాలి.

ఎలుకల మందు ఫ్లాట్లలో వద్దే వద్దు. సెల్లార్‌లో మాత్రం 0.005 శాతం బ్రోమాడియోలోన్ బిళ్లలు తాళం పడే పెట్టెల్లో, తీగతో కట్టి పెట్టాలి. తిన్న కొన్ని రోజులకు గానీ చావవు. ఎవరైనా పొరపాటున మింగితే రేపర్‌తో సహా ఆసుపత్రికి వెళ్లాలి, దీనికి విటమిన్ కె1 విరుగుడు ఉంది. పసుపు భాస్వరం (ఎల్లో ఫాస్ఫరస్) పేస్టుకు విరుగుడు లేదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది, బిల్డింగ్‌లోకి రానివ్వకండి.

పెంటికలు పొడిగా ఊడవకూడదు. లిక్విడ్ బ్లీచ్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపి తడిపి, పది నిమిషాలాగి, గ్లౌజులతో తుడవాలి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, వానాకాలంలో సెల్లార్ నీళ్లలో చెప్పుల్లేకుండా దిగకండి.

చెత్త మూతున్న డబ్బాలో, పావురాల గింజలు టెర్రస్ మీద వద్దు (దీనికే పెద్ద గొడవ అయింది). వాచ్‌మన్ దగ్గర మెష్ ముక్కలు, కొంచెం సిమెంటు ఎప్పుడూ ఉంచండి. కేబుల్, ఏసీ వాళ్లు కొత్త కన్నం కొట్టిన రోజే అది మూయించాలి.