వద్దన్న రాజు వీధిలోనే పండగ

మే 17 నార్వే జాతీయ దినం. ఆ రోజు రాజధాని ఓస్లో వెళ్లేవాళ్లు తిండి ముందురోజే కొని పెట్టుకోవాలి. సూపర్‌మార్కెట్లన్నీ మూత. ఊరి నడిబొడ్డున ట్రాములు కూడా ఉండవు. మెట్రోలో నేషనల్ థియేటర్ దగ్గర దిగి పైకి వచ్చేసరికి నాకు కళ్లు తిరిగే ఆకలి. బండి మీద ఒక్క హాట్‌డాగ్ అరవై క్రోనర్లు! రూపాయల్లో లెక్కేసుకుంటే గొంతు దిగదని లెక్క మానేశాను.

జాతీయ దినమంటే మన కర్తవ్య పథ్‌లాగా ట్యాంకులు, క్షిపణులు వస్తాయనుకుంటాం. ఇక్కడ వచ్చేది బడిపిల్లలు. బడి వెనక బడి, ముందు ఒక బ్యానరు, వెనక బ్యాండు. తనకన్నా పెద్ద బాకా మోస్తున్న ఓ బక్కపిల్లాడి టోపీ కళ్ల మీదికి జారిపోతోంది. సర్దుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. వాయిస్తూనే తల ఎగరేసి వెనక్కి నెట్టుకుంటున్నాడు.

నా పక్కన ఓ పెద్దావిడ. నల్లటి ఉన్ని బట్ట మీద రంగుల కుట్టుపని, గుండెల మీద గలగలలాడే వెండి పిన్నులు. వాళ్ల సంప్రదాయ దుస్తులు ఇవి, బూనాద్ అంటారు, వేల వేల క్రోనర్లు పోసి కుట్టించుకుంటారు. ఆ ఎండలో నాకే చెమటలు పడుతుంటే ఆవిడ మాత్రం నవ్వుతూ జెండా ఊపుతోంది.

‘మీకు స్వాతంత్ర్యం వచ్చింది ఈ రోజేనా?’ అన్నాను. కాదట. నెపోలియన్ పక్షాన నిలిచి ఓడిన డెన్మార్క్, అప్పటిదాకా తన కింద ఉన్న నార్వేని 1814లో స్వీడన్‌కి అప్పజెప్పింది. మమ్మల్నడక్కుండా ఇచ్చెయ్యడమేమిటని 112 మంది నార్వేవాళ్లు ఐడ్స్‌వోల్ అనే ఊళ్లో కూర్చుని రాజ్యాంగం రాసుకున్నారు. అది మే 17. ఆ ఏడాది చివరికల్లా స్వీడన్ రాజు కిందికి వెళ్లక తప్పలేదు గానీ, రాజ్యాంగాన్ని మాత్రం వదులుకోలేదు. విడిపోయింది 1905 జూన్ 7న. అయినా ఊరేగింపు మే 17నే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆక్రమించుకున్న రోజుల్లో ఇదీ నిషేధమేనట. వాళ్లమ్మ చెప్పేదట.

నన్ను ఆపేసింది ఇంకో సంగతి. ఈ పండగంటే స్వీడన్ రాజు కార్ల్ యూహాన్‌కి గిట్టేది కాదు. 1829లో జనం గుమిగూడితే గుర్రపు దళంతో చెదరగొట్టించారు. మేం నిలబడ్డ వీధి పేరు కార్ల్ యూహాన్! వీధి చివర, రాజభవనం ఎదుట, గుర్రం మీద ఆయన విగ్రహం.

‘పేరు మార్చెయ్యొచ్చుగా?’ అన్నాను. మన దగ్గరైతే ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డులు మారతాయి మరి.

‘ఎందుకూ? ఏటా ఆయన్ని దాటుకునే నడుస్తున్నాంగా’ అంది ఆవిడ, ఐస్‌క్రీమ్ కాగితం విప్పుతూ.

ఇప్పటి నార్వే రాజుగారి కుటుంబం రాజభవనం బాల్కనీలో నిలబడి ప్రతి బడికీ చెయ్యి ఊపుతూనే ఉంది. కాళ్లు లాగేసి నేను బయల్దేరేసరికి ఇంకా సగం బళ్లు కూడా రాలేదట.