లైనక్స్ లాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు: డ్రైవర్ పడ్డాక మిగిలిన సగం పని

రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న లాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకున్నామంటే అందరూ ముందు అడిగేది ఎన్విడియా డ్రైవర్ (ఆ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పడిందా అని. పడటం సగం పనే. అవసరం లేనప్పుడు ఆ చిప్ నిజంగా పడుకుంటోందా లేదా అన్నదే నాకు అసలు సంగతి, ఎందుకంటే బ్యాటరీ అయినా వేడి అయినా చాలావరకు దాని మీదే ఉంటాయి.

నా లాప్‌టాప్‌లో ప్రాసెసర్‌లో కలిసి ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్ ఒకటి, విడిగా ఎన్విడియా ఒకటి. స్క్రీన్ కనెక్షన్ ఇంటెల్‌కే ఉంది. బరువైన పని వస్తే ఎన్విడియా ఆ ఫ్రేమ్‌లు తయారుచేసి ఇంటెల్‌కు అందిస్తుంది, అది స్క్రీన్ మీద చూపిస్తుంది. దీన్నే ప్రైమ్ ఆఫ్‌లోడ్ అంటారు. ఎన్విడియా సొంత డ్రైవర్‌లో ఇది 2019లో 435 సిరీస్‌తో వచ్చింది. అంతకుముందు బంబుల్‌బీ లాంటి విడి ప్రోగ్రామ్‌లు వాడేవాళ్లు, లేదంటే కార్డు మార్చిన ప్రతిసారీ లాగౌట్ అవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు పాత సలహాలు చూసి బంబుల్‌బీ జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్తున్నాను.

ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్‌కి వెళ్లి రికమెండెడ్ అని ఉన్నదే వేశాను. రన్ ఫైల్ విడిగా దింపుకుని వేస్తే ఉబుంటులో సాఫ్ట్‌వేర్‌ని వేసి, అప్‌డేట్ చేసే ప్యాకేజీ మేనేజర్‌కు దాని సంగతే తెలియదు, తర్వాత కెర్నల్ (లైనక్స్ మూల భాగం) అప్‌డేట్ వచ్చినప్పుడు టెన్షన్ మనకే.

రీస్టార్ట్ చేశాక చిప్ స్థితి చూపించే ఎన్విడియా-ఎస్ఎంఐ కమాండ్ కొడితే డ్రైవర్‌తో మాట్లాడలేకపోతున్నా అంది. లోడైన మాడ్యూళ్లను చూపించే ఎల్ఎస్‌మాడ్‌లో చూస్తే డ్రైవర్ మాడ్యూల్ (కెర్నల్‌లో చేరే డ్రైవర్ భాగం) లోడ్ కానేలేదు. కారణం సెక్యూర్ బూట్, అంటే నమ్మిన సంతకం లేని కోడ్‌ని లోడ్ కానివ్వని రక్షణ. డీకేఎంఎస్ అనే టూల్ మన మెషీన్‌లోనే మాడ్యూల్‌ని కంపైల్ చేసి ఒక కీతో సంతకం పెడుతుంది, ఆ కీని ఫర్మ్‌వేర్ (మెషీన్‌ని బూట్ చేసే లోపలి సాఫ్ట్‌వేర్) వైపు మనమే నమోదు చేయాలి. అందుకే ఇన్‌స్టాల్ మధ్యలో పాస్‌వర్డ్ అడుగుతారు, రీస్టార్ట్‌లో ఒక నీలం స్క్రీన్ వచ్చి కొన్ని సెకన్లు ఆగుతుంది, అప్పుడు ఏదో ఒక కీ నొక్కి ఎన్‌రోల్ మోక్ (కీ నమోదు) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ కొన్ని సెకన్లు దాటిపోతే ఏమీ చెప్పకుండా మామూలుగా బూట్ అయిపోతుంది, నాకు జరిగింది అదే. మోక్‌యుటిల్ కమాండ్‌తో ఆ కీని మళ్లీ ఇంపోర్ట్ చేసి నమోదు చేశాను, వెంటనే పనిచేసింది. సెక్యూర్ బూట్ ఆపేయమని చాలామంది అంటారు కానీ, ఇంత చిన్న పని కోసం దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

తర్వాత ప్రైమ్-సెలెక్ట్ కమాండ్‌తో ఆన్-డిమాండ్ (అవసరమైనప్పుడే ఎన్విడియా) పెట్టాను. ఏ చిప్ పనిచేస్తోందో చెప్పే జీఎల్ఎక్స్ఇన్ఫో ఊరికే నడిపితే ఇంటెల్ పేరు, ప్రోగ్రామ్‌ని ఎన్విడియా మీద నడిపించే ప్రైమ్-రన్ ముందు పెట్టి నడిపితే ఎన్విడియా పేరు వచ్చాయి. అంతా బాగానే ఉంది, కానీ ఏ పనీ చేయకపోయినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

చాలా గైడ్‌లలో సరిగ్గా చెప్పని సంగతి ఇక్కడే ఉంది. చిప్ పడుకుందో లేదో ఎన్విడియా-ఎస్ఎంఐతో చూడకూడదు, ఆ కమాండే దాన్ని లేపుతుంది. ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌తో చిప్ అడ్రస్ తెలుసుకుని, సిస్ (/sys) ఫోల్డర్‌లో ఆ పరికరం కింద పవర్‌లో ఉన్న రన్‌టైమ్ స్టేటస్ ఫైల్ చదవాలి. పడుకుంటే సస్పెండెడ్ అని ఉంటుంది. నాకేమో ఎప్పుడు చూసినా యాక్టివ్. ఎన్విడియా సొంత డ్రైవర్‌తో ట్యూరింగ్ అనే తరం, ఆ తర్వాతి చిప్‌లే వాడనప్పుడు పూర్తిగా పవర్ ఆపుకోగలవు, నాది ఆ కోవదే, డ్రైవర్‌లో దానికోసం ఉన్న డైనమిక్ పవర్ మేనేజ్‌మెంట్ ఆప్షన్ కూడా ఆన్‌లోనే ఉంది. ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌తో ఎన్విడియా డివైస్ ఫైళ్లను ఏ ప్రోగ్రామ్ తెరిచి పట్టుకుందో చూస్తే, ప్యానెల్‌లో టెంపరేచర్ చూపించే ఎక్స్‌టెన్షన్ బయటపడింది. వేడి ఎంతో చెప్పడానికి అదే చిప్‌ని పడుకోనివ్వడం లేదు! తీసేశాక కాసేపటికే స్టేటస్ సస్పెండెడ్‌కి మారింది, ఫ్యాన్ ఆగింది.

ఇంకొకటి, చాలా లాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్ట్ నేరుగా ఎన్విడియాకే కలిపి ఉంటుంది. దానికి మానిటర్ పెట్టినంతసేపూ చిప్ మేలుకునే ఉంటుంది, ఏ సెట్టింగ్ మార్చినా ఫలితం ఉండదు. నా దాంట్లో టైప్-సీ పోర్ట్ ఇంటెల్ వైపు ఉంది కాబట్టి మానిటర్‌ను అటు మార్చేశాను.