చెరువు మీద డీజిల్ తెట్టు: నలభై మూడు రోజుల నా అనుభవం

నిన్న పొద్దున మా సంఘం మళ్లీ చెరువులో వల వేసింది. సరిగ్గా నలభై మూడు రోజుల తర్వాత. అన్నీ గుర్తున్నప్పుడే రాసేస్తున్నాను.

మా పల్లె గుత్తికి, అనంతపురానికి మధ్య ఉంది, 44వ నంబరు హైవేకి దగ్గరే. హైవే కల్వర్టు కింద నుంచి వచ్చే వంక కిలోమీటరున్నర పారి మా చెరువులో కలుస్తుంది. మత్స్యకారుల సంఘానికి పదకొండేళ్లుగా నేనే ప్రెసిడెంటును. ఆషాఢంలో ఒక తెల్లవారుజామున డీజిల్ ట్యాంకరు ఒకటి కల్వర్టు గోడకు గుద్దుకుని బోల్తా పడింది. డ్రైవరుకు చెయ్యి విరిగింది గానీ ప్రాణానికి ప్రమాదం లేదు. 112కి ఫోన్ చేస్తే పోలీసులు, ఫైరింజను గంటలోపే వచ్చారు. వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అప్పటికే బిందెలు, క్యాన్లు పట్టుకుని జనం బయలుదేరారు. వాళ్లను ఆపడానికి నేను చెడ్డవాడినయ్యాను, అయినా పర్వాలేదు. 2017లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర బోల్తా పడిన ట్యాంకరు నుంచి పెట్రోలు పట్టుకోబోయి రెండు వందల మందికి పైగా కాలిపోయారు. డీజిల్‌కు అంత తొందరగా మంట అంటుకోదని మా కుర్రాళ్లు వాదించారు. డీజిల్ ఆవిరి నిప్పు అందుకునే వేడికి మన దేశంలో పెట్టిన కనీస హద్దు 35 డిగ్రీలు. మా ఎండకు కాగిన తారు రోడ్డు అంతకంటే వేడిగానే ఉంటుంది. ట్యాంకరు మీద ఉండే పలకలో 1202 అని ఉంటే డీజిల్, 1203 అని ఉంటే పెట్రోలు. 1203 కనిపిస్తే వంకకు అడ్డం కట్టడం లాంటి పనులేవీ పెట్టుకోవద్దు, జనాన్ని తీసుకుని దూరం వెళ్లిపోవాలి.

మూడు అరల్లో ఒక అర పగిలింది. దాదాపు నాలుగు వేల లీటర్లు వంకలోకి పోయింది. వంకలో మోకాలి లోతు నీళ్లు నెమ్మదిగా పారుతున్నాయి. ఇసుక మూటలు వేసి పూర్తిగా అడ్డం కట్టేద్దామని అందరూ అన్నారు. విశాఖలో రిఫైనరీ కాంట్రాక్టు పనుల్లో ఉన్న మా అక్క కొడుకు వీడియో కాల్‌లో గట్టిగా అరిచాడు. "అట్ల మూసేస్తే నీళ్లు పెరిగి మీదున్న డీజిల్ కట్ట దాటుతుంది మామా! కింద పైపులు పెట్టు, నీళ్లు కింద నుంచి పోనీ!"

అదే చేశాం. బోర్లకు వేసే ఆరంగుళాల పైపులు నాలుగు తెచ్చి మట్టికట్టలో ఏటవాలుగా పెట్టాం. వంక పైవైపు మూతి అడుగున మునిగి ఉండాలి, చెరువు వైపు మూతి ఎత్తుగా ఉండాలి. డీజిల్ నీళ్లకన్నా తేలిక, పైనే నిలుస్తుంది. అడుగు నీళ్లు మాత్రం పైపులోంచి ఎక్కి అవతలికి పోతాయి. ఏడున్నరకు కట్ట పూర్తయింది. కట్టకు ఇవతల వేలెడు మందాన డీజిల్, అవతల పైపుల్లోంచి తేట నీళ్లు. ఫైర్ ఆఫీసరు చూసి ఇంత పద్ధతిగా కట్టిన ఊరు తాను చూడలేదన్నారు. ఆ మాట రాసుకునే హక్కు మా కుర్రాళ్లకు ఉంది.

కట్ట పూర్తయ్యేలోపు కొంత డీజిల్ చెరువులో చేరనే చేరింది. ఎంత చేరిందో కొలవలేం గానీ, తక్కువే కదా అనుకోవడానికి లేదు. ఒక్క లీటరు, మిల్లీమీటరులో వెయ్యో వంతు మందాన పరుచుకుంటే పావెకరా నీటిని కప్పేస్తుంది. ఆషాఢం గాలి పడమటి నుంచి విడవకుండా కొడుతుంది కాబట్టి తెట్టంతా తూర్పున ఉన్న చెరువు కట్ట వైపుకు, తూము దగ్గరి జమ్ములోకి కొట్టుకొచ్చింది. పెద్ద చెరువైనా మేము శుభ్రం చేయాల్సింది ఒక్క మూలనే. గాలి ఎటు కొడుతుందో చూసుకుని అక్కడే మనుషుల్ని పెట్టండి.

మొదట వరిగడ్డి వేశాం. డీజిల్‌తో పాటు నీళ్లూ తాగి మధ్యాహ్నానికి మునగడం మొదలుపెట్టింది. శనక్కాయ పొట్టూ అంతే. సాయంత్రానికి ఆదోని జిన్నింగ్ మిల్లులో పనిచేసే మా బామ్మర్ది బొలేరో నిండా వేస్టు దూది తెచ్చాడు. గింజ తీసి, ఇంకా బ్లీచ్ చేయని దూది అది. దాని పోగుకు సహజంగా మైనం ఉంటుంది, అందుకే నీటిని పట్టదు, నూనెను మాత్రం పీల్చుకుంటుంది. మందుల షాపులో దొరికే తెల్ల దూదికి ఆ మైనం తీసేసి ఉంటారు, అది నీళ్లే తాగుతుంది. ఉల్లిపాయల వల సంచుల్లో దూది కూరి, తాడుకు కట్టి తెట్టు మీద లాగాం. తెల్లగా వెళ్లిన సంచి రంగు మారి బరువెక్కి తిరిగొచ్చేది. డ్రమ్ము మీద పిండితే డీజిల్ కారేది. మళ్లీ అదే సంచి వేసేవాళ్లం.

రెండో రోజు ట్యాంకరు వాళ్ల తరఫు మనిషి ఒకడు సబ్బు ద్రావణం డ్రమ్ములతో దిగాడు. చల్లితే తెట్టు మాయమైపోతుందట. మాయమయ్యేది కళ్లకే. సబ్బుతో నూనె సన్న బొట్లుగా విడిపోయి నీళ్లలోకి దిగుతుంది, చేపల మొప్పల్లోకి పోతుంది. పైన ఉంటే దూదితో తీయగలం, లోపలికి దిగితే ఏ దేవుడూ తీయలేడు. నేను డ్రమ్ముల ముందు కూర్చున్నాను. అతను తిట్టాడు, నేనూ తిట్టాను, డ్రమ్ములు వెనక్కి వెళ్లాయి.

ఇక్కడిదాకా కష్టం ఒంటికే. అసలు నరకం నీళ్ల శాంపిల్ దగ్గర మొదలైంది.

నష్టం అడగాలంటే పరీక్ష రిపోర్టు కావాలన్నారు. శాంపిల్ తీసే ఆఫీసుకు రెండు రోజులు ఫోన్ చేశాం, ఎవరూ రాలేదు. మూడో రోజు తూము దగ్గర నీళ్లు లీటరు వాటర్ బాటిల్‌లో పట్టుకుని బస్సెక్కి పట్నం వెళ్లాను. ఏ ఆఫీసో రాయను. పదిన్నరకు వెళ్తే రెండున్నరకు లోపలికి పిలిచారు. టేబుల్ మీద బాటిల్ పెట్టగానే ఆ సారు ముక్కు మూసుకున్నారు.

"ఇది ఏ చెరువు నీళ్లో నాకేం తెలుసు? ఇంట్లో డీజిల్ కలుపుకుని రాలేదని గ్యారంటీ ఏంది?"

గదిలో పదిమంది ఉన్నారు. ఇద్దరు నవ్వారు. మూడు రోజులుగా నిద్రలేదు, చేతులకు డీజిల్ పట్టి చర్మం ఊడుతోంది. ఆ చేతులు చూపించాను. "వాసనొస్తోంది, ముందు దాన్ని బయట పెట్టు" అన్నారు. చెప్పుల పక్కన పెట్టి లోపలికి వచ్చాను. మళ్లీ బయటికి వెళ్లేసరికి బాటిల్ ఖాళీగా పడి ఉంది, నీళ్లు ఎవరో కాలువలో పారబోశారు. యాభై ఆరేళ్ల వయసులో మొదటిసారి నాకు ఒక ఆఫీసు మెట్ల మీద కన్నీళ్లు వచ్చాయి. దొంగతనం చేసినవాణ్ని కూడా అట్ల నిలబెట్టరు. నా చెరువు చస్తోందని చెప్పడానికి వెళ్లాను నేను.

ఒక వకీలు గారు ఫీజు తీసుకోకుండా విషయం విప్పి చెప్పారు. 1974 నాటి నీటి కాలుష్య చట్టం 21వ సెక్షన్ ప్రకారం శాంపిల్ అధికారులే తీయాలి. ఫ్యాక్టరీ మురుగునీటి శాంపిలైతే అవతలి పక్షానికి నోటీసు ఇచ్చి, వాళ్ల ఎదురుగా రెండు భాగాలు చేసి, సీలు వేసి సంతకాలు కూడా పెట్టాలి. పైగా నూనె పరీక్షకు ప్లాస్టిక్ సీసా పనికిరాదు, నూనె గోడకు అంటుకుపోతుంది, గాజుదే కావాలి. అంటే నా బాటిల్ చెల్లదన్న మాట నిజమే. ఆ రెండు ముక్కలు ఆ సారే నాతో మర్యాదగా చెప్పి, నా వెంట ఒక మనిషిని పంపి ఉంటే సరిపోయేది. చట్టం తెలిసి కూడా మనిషిని అవమానించడానికే వాడుకున్నారు. అది నేను మరచిపోను.

అర్జీ రాసి తీసుకెళ్తే ఇన్‌వర్డ్‌లో స్టాంపు వేయలేదు. మూడుసార్లు తిరిగాను. చివరికి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో టోకెన్ తీసుకుని ఇచ్చాను. అక్కడ రసీదు చేతికి వచ్చింది. నోటి మాటకు ఏ ఆఫీసులోనూ విలువ లేదు, నంబరు పడ్డ కాగితం ఉంటేనే కదులుతారు. మొదటి రోజే వీఆర్వోతో పంచనామా రాయించి, ఫోటోలు తీయించాం కాబట్టి బతికిపోయాం.

తొమ్మిదో రోజు శాంపిల్‌కు వచ్చారు. అప్పటికి పైనున్న డీజిల్‌లో సగం ఎండకు, గాలికి ఎగిరిపోయింది, మిగిలింది మేమే తీసేశాం. చెరువు మధ్య నీళ్లు పట్టుకుని బయలుదేరుతుంటే నేను అడ్డం నిలబడ్డాను. జమ్ము మొదట్లోంచి పిడికెడు బురద తీసి, స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి కలిపాను. బురద కిందికి దిగింది. పైన ఇంద్రధనుస్సు రంగులు సుడులు తిరుగుతూ పళ్లెం అంచు దాకా పరుచుకున్నాయి. వాళ్లలో చిన్న వయసు అమ్మాయి ఒకరు మాట్లాడకుండా వ్యానులోకి వెళ్లి ఇంకో గాజు సీసా తెచ్చి ఆ బురద కూడా సీలు చేశారు. ఆమెకు చేతులెత్తి దండం పెట్టాను.

నీళ్ల రిపోర్టులో నూనె లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపే అని వచ్చింది. అది ఫ్యాక్టరీల మురుగునీటిని వదలడానికి పెట్టిన హద్దు, చేపలు పెంచే చెరువుకు పెట్టింది కాదు. బురద రిపోర్టే మాకు ఆధారమైంది. దాన్ని జతచేసి 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం కింద కలెక్టరుకు అర్జీ పెట్టాం. తప్పు ఎవరిదో రుజువు చేయాల్సిన పని అందులో లేదు, గడువు ఐదేళ్లు. ఇంకా విచారణలో ఉంది.

దూది సంచులు, నూనె మట్టి టార్పాలిన్ మీద ఇరవై మూడు రోజులు పడి ఉన్నాయి. తగలబెట్టేద్దామని చాలామంది అన్నారు, నేను ఒప్పుకోలేదు. ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే అనుమతి ఉన్నవాళ్లే వచ్చి లారీలో తీసుకెళ్లారు.

చెరువు కట్ట వారన చిన్న పరక చేపలు చచ్చి తేలాయి. బొచ్చెలు, శీలావతులు బతికాయి గానీ ఒళ్లంతా డీజిల్ వాసన పట్టింది. పదిహేనో రోజు ఒకటి పట్టి వండితే మా మనవడు ముద్ద ఊసేశాడు. అమ్మకం ఆపేశాం. తర్వాత వారానికొకటి వండి చూస్తూ వచ్చాం, ఆరో వారానికి వాసన లేదు.

నిన్న గుత్తి నుంచి వచ్చిన వ్యాపారి మొదటి బొచ్చెను చేతిలోకి తీసుకుని, మొప్ప ఎత్తి చాలాసేపు వాసన చూశాడు. మేమెవరం మాట్లాడలేదు. అతను చేపను కాటా మీద పెట్టి, "ఎన్ని కిలోలుంటాయప్పా?" అని అడిగాడు.