కౌనాస్‌లో కంచుదే పెద్దపీట

ఐరోపాలో ఫుట్‌బాల్‌ను వెనక బెంచీకి పంపిన దేశం ఏదైనా ఉందంటే అది లిథువేనియా. జనాభా 30 లక్షలకు కాస్త తక్కువ, హైదరాబాద్‌లో సగం కూడా ఉండదు. ఆ కాస్త జనంలోంచే 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లలో వరుసగా బాస్కెట్‌బాల్ కాంస్యాలు గెలిచిన జట్లు వచ్చాయి. 2004లో ఏథెన్స్‌లోనూ, 2023లో మనీలాలోనూ అమెరికాను ఓడించిందీ ఈ దేశమే. వార్సా ఆఫీసులో నా పక్క కుర్చీ మిత్రుడిది ఆ దేశంలో రెండో పెద్ద నగరం కౌనాస్. తమ జట్టు ఆడే రోజు మనిషి మనిషిలా ఉండడు. "టీవీలో చూస్తే నీకు అర్థం కాదు, మా ఊరు రా" అని పోరుపెట్టి, 2025 సెప్టెంబరులో ఐరోపా దేశాల బాస్కెట్‌బాల్ టోర్నీ యూరోబాస్కెట్‌లో నాకౌట్ దశ మొదలయ్యే సమయానికి సెలవు పెట్టించి మరీ తీసుకెళ్ళాడు.

ఆ ఏడాది టోర్నీని లాత్వియా, ఫిన్లాండ్, పోలాండ్, సైప్రస్ కలిసి నిర్వహించాయి. నాకౌట్లన్నీ లాత్వియా రాజధాని రీగాలో. అక్కడికే పోదామన్నాను. వినలేదు. మ్యాచ్ రీగాలో జరిగినా, దాన్ని చూడవలసింది కౌనాస్‌లోనేనట.

వార్సా నుంచి రాత్రి బస్సు. దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: చీకటి, పెట్రోలు బంకులు, సరిహద్దు దాటినట్టు ఫోనుకు వచ్చిన సందేశం. తెల్లవారేసరికి నెమునాస్ నది మీద పొగమంచు. మిత్రుడి ఇంట్లో వాళ్ళ అమ్మగారు చెపెలినాయ్ వండి ఉంచారు. బంగాళాదుంప తురుముతో చేసే అరచేయంత ఉండలవి. మామూలుగా లోపల మాంసం కూరుతారు. నేను తిననని కొడుకు ముందే చెప్పాడేమో, నా పళ్ళెంలోవి మాత్రం పాల విరుగుడు కూరి చేసినవి. పైన పుల్లటి మీగడ. రెండో ఉండ సగంలో ఉండగానే నేను చేతులెత్తేశాను. వాళ్ళ నాన్నగారు మూడోది వడ్డించుకుంటూ కొడుకును ఏదో అడిగారు. నేను ఏ జట్టు అభిమానినని అడిగారట. లిథువేనియా అన్నాను. "తిండి పెట్టారని చెబుతున్నాడు" అని నవ్వారు.

భోజనమయ్యాక ఊరు చూపించడానికి ఆయనే బయలుదేరారు. లైస్వెస్ అలేయా అనే పొడవాటి వీధిలో వాహనాలు తిరగవు. నడుమ లిండెన్ చెట్ల వరుసలు, ఇరువైపులా రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కట్టిన భవనాలు. అప్పట్లో, ఇప్పటి రాజధాని విల్నియస్ పోలాండ్ చేతిలో ఉండడంతో కౌనాస్ తాత్కాలిక రాజధాని అయింది. రాజధానికి కావలసిన ఆఫీసులు, బ్యాంకులు, పోస్టాఫీసు అన్నీ ఇరవై ఏళ్ళలో లేచి నిలబడ్డాయి. ఆ కట్టడాలకే 2023లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. మిత్రుడు వాటి కిటికీల అందం గురించి చెబుతుంటే నాన్నగారు వాచీ చూసుకుంటున్నారు. ఆయన చూపించాలనుకున్న భవనం అక్కడ లేదు. ఆజూలినాస్ అనే ఓక్ చెట్ల తోపు పక్కన ఉంది.

అది కౌనాస్ స్పోర్ట్స్ హాల్. హంగూ ఆర్భాటం లేని పొడవాటి కట్టడం, తెలియనివాడు గిడ్డంగి అనుకుని పక్కనుంచి వెళ్ళిపోగలడు. 1939లో కేవలం బాస్కెట్‌బాల్ కోసం దీన్ని కట్టారు. ఐరోపాలో అలాంటిది అదే మొదటిదని ఇక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. కట్టవలసిన అవసరం ఎందుకొచ్చిందంటే, 1937లో రీగాలో జరిగిన యూరోబాస్కెట్‌ను లిథువేనియా గెలిచేసింది. ఇటలీతో ఫైనల్లో 24–23. గెలిచిన దేశానికే తర్వాతి టోర్నీ. ఆడించడానికి చోటు లేదు. ఇంజినీరు అనతోలియస్ రోజెన్‌బ్ల్యూమాస్ నమూనా గీస్తే కొద్ది నెలల్లో హాలు లేచింది.

ఇక్కడే నాకు బాగా నచ్చిన మనిషి వస్తాడు. లాస్ ఏంజిలిస్‌లో లిథువేనియన్ వలస దంపతులకు పుట్టిన ఫ్రాంక్ లుబిన్. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో అమెరికాకు ఆడి స్వర్ణం గెలిచాడు. ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ పెట్టింది అప్పుడే. ఫైనల్ ఆరుబయట మట్టి కోర్టులో, వానలో జరిగింది, కెనడాపై 19–8. పతకం మెడలో వేసుకుని అమ్మానాన్నల ఊరు చూద్దామని వచ్చినవాడు ఇక్కడి కుర్రాళ్ళకు ఆట నేర్పడానికి ఉండిపోయాడు. ప్రానాస్ లుబినాస్ అయ్యాడు. 1939 మే నెలలో ఈ హాల్లో లాత్వియాతో మ్యాచ్ చివరి క్షణాల్లో అతను వేసిన బుట్టతోనే లిథువేనియా 37–36తో గట్టెక్కింది, టోర్నీ గెలిచింది. అమెరికా నుంచి ఆటగాళ్ళను దింపుకొన్నారని పొరుగువాళ్ళు గొడవ చేశారు. గొడవ చేయక ఏంచేస్తారు! ఆ ఏడాదే యుద్ధం వచ్చింది, లుబిన్ అమెరికా వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది సోవియట్ సైన్యం వచ్చింది, దేశమే పటం మీదనుంచి పోయింది.

అమెరికా వెళ్ళినవాళ్ళ పిల్లలు సెలవులకు ఊరొచ్చి ఏం నేర్పిపోతారో మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం. ఒక దేశపు ఆటనే నేర్పిపోయినవాడు మాత్రం నాకు ఇతనొక్కడే తగిలాడు.

తోపులో ఆరుబయట కోర్టులో పదేళ్ళ లోపు పిల్లలు సాధన చేస్తున్నారు. శిక్షకురాలి షరతు ఒక్కటే: బంతిని నేలకు కొట్టకూడదు. పాస్ ఇవ్వాలి, ఖాళీలోకి పరుగెత్తాలి, తిరిగి అందుకోవాలి. ఒక బొద్దుపిల్లవాడు అలవాటు కొద్దీ ఒకసారి కొట్టాడు. ఈల మోగింది, బంతి అవతలి జట్టుకు పోయింది. నలుగురైదుగురి చేతులు మారాక, బుట్ట కింద ఎవరూ పట్టించుకోని అమ్మాయికి చేరింది. తీరిగ్గా వేసింది. నాన్నగారు చప్పట్లు కొట్టారు. ఐరోపా జట్ల ఆట నాకెందుకు ఇష్టమో అక్కడ కళ్ళకు కట్టింది. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఒక్క తారకు బంతి ఇచ్చి మిగిలిన నలుగురు పక్కకు తప్పుకోవడం మామూలు. దేశాల పోటీల్లో మ్యాచ్ నలభై నిమిషాలే, మూడు పాయింట్ల గీత బుట్టకు మరికాస్త దగ్గర, కోర్టు ఇరుకుగా తోస్తుంది. ఒంటరిగా దూసుకుపోవడానికి దారి దొరకదు. పాస్ రానివాడు పనికిరాడు.

పాస్ అనగానే అర్విదాస్ సబోనిస్ పేరు రావలసిందే. 1964లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఎత్తు 2.21 మీటర్లు. అంత పొడగరి వీపు వెనకనుంచి, తల తిప్పకుండా పాస్‌లిచ్చేవాడు. 1985, 86, 87లలో ఈ ఊరి క్లబ్బు జల్గిరిస్ మాస్కో సైనిక జట్టును మట్టి కరిపించి సోవియట్ లీగ్ గెలిచినప్పుడు నాన్నగారు కుర్రాడు. మ్యాచ్‌లు ఈ హాల్లోనే. టికెట్ కోసం రాత్రంతా నిలబడ్డానని చెప్పారు. జల్గిరిస్ అన్న పేరు 1410 నాటి యుద్ధానిది. లిథువేనియన్లు, పోలిష్‌వాళ్ళు కలిసి జర్మన్ యోధులను ఓడించిన యుద్ధం కాబట్టి మాస్కో ఆ పేరుకు అభ్యంతరం చెప్పలేకపోయింది. ఆ పేరును గొంతు చించుకుని అరుస్తూ, మాస్కో జట్టు ఓడిపోవడం చూడడంలో ఎంత హాయి ఉండేదో వేరే చెప్పనక్కర్లేదు.

గొడవ ఆ సాయంత్రం మొదలైంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్ సెమీఫైనల్లో అమెరికాను 82–76తో ఓడించి, ఫైనల్లో యుగోస్లావియాపై స్వర్ణం గెలిచింది. ఆ జట్టుకు వెన్నెముకగా నిలిచింది సబోనిస్, మార్చుల్యోనిస్, కుర్తినాయిటిస్, ఖొమీచ్యుస్. నలుగురూ లిథువేనియన్లే. మరి ఆ బంగారం ఎవరిది? స్వాతంత్ర్యం వచ్చాక పుట్టిన మా మిత్రుడి లెక్కలో అది మాస్కోది, చొక్కా మీద ఏ అక్షరాలుంటే వాళ్ళది. నాన్నగారికి ఒళ్ళు మండింది. అలాగైతే 1972 మ్యూనిక్‌లో అమెరికాను 51–50తో ఓడించిన సోవియట్ జట్టు కెప్టెన్, లిథువేనియన్ పౌలౌస్కాస్‌ను కూడా పారేద్దామా? "మేము చొక్కాను చూడలేదు, మనవాళ్ళ చేతుల్ని చూశాం" అన్నారు. మిత్రుడు ఆ మాట నాకు అనువదించి, తాను ఒప్పుకోవడం లేదని కూడా కలిపాడు.

ఇద్దరూ ఏకమయ్యేది 1992 దగ్గర. అంతకు ముందు ఏడాది జనవరిలో విల్నియస్ టీవీ టవర్ దగ్గర సోవియట్ సైనికుల చేతిలో పద్నాలుగు మంది చనిపోయారు. సెప్టెంబరులో మాస్కో స్వాతంత్ర్యాన్ని గుర్తించింది. కొత్త దేశం దగ్గర ఒలింపిక్స్‌కు జట్టును పంపే డబ్బు లేదు. అప్పటికే అమెరికాలో ఆడుతున్న మార్చుల్యోనిస్ చందాలు పోగుచేశాడు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం డబ్బుతో పాటు పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగులు అద్దిన చొక్కాలూ పంపింది. వాటి మీద బుట్టలోకి బంతి దంచుతున్న అస్థిపంజరం బొమ్మ! సెమీఫైనల్లో ఎన్‌బీఏ తారలతో నిండిన అమెరికా డ్రీమ్ టీమ్ చేతిలో 127–76తో చిత్తయ్యారు. ఆ ఓటమిని ఇక్కడ ఎవరూ లెక్కచేయరు. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో ఎదుటిది పాత సోవియట్ రిపబ్లిక్కుల ఉమ్మడి జట్టు. 82–78తో గెలిచారు. దేశాధినేత లాండ్స్‌బెర్గిస్ డ్రెస్సింగ్ రూమ్‌కు వస్తే షాంపేన్‌తో తడిపేశారు. పతకాలందుకోవడానికి ఆ అస్థిపంజరం చొక్కాల్లోనే వెళ్ళారు. ఆ చొక్కా నకలు ఒకటి మిత్రుడి ఇంట్లో ఇప్పటికీ బీరువాలో ఇస్త్రీ చేసి ఉంది. నాన్నగారు దాన్ని ముట్టుకోనిచ్చారు గానీ తొడుక్కోనివ్వలేదు.

నా ఓటు నాన్నగారికే. కంచు దేశానిది, సరే. కానీ సియోల్ బంగారం కోసం సబోనిస్ మడమ నరం దెబ్బ పూర్తిగా కోలుకోకుండానే ఆడాడు. తర్వాత 1995లో, ముప్పై ఏళ్ళకు గానీ ఎన్‌బీఏ గడప తొక్కలేదు. అతని ఎక్స్‌రే చూసిన వైద్యుడు వికలాంగుల పార్కింగ్‌కు అర్హుడన్నాడని పోర్ట్‌లాండ్ జట్టు అప్పటి మేనేజర్ చెప్పిన మాట బాగా ప్రచారంలో ఉంది. అంత ఖరీదు పెట్టి తెచ్చినదాన్ని మాస్కోకు ఉచితంగా ఇచ్చేయడం ఎందుకు?

శనివారం లాత్వియాతో ప్రీక్వార్టర్స్. పాత ఊళ్ళో ఒక పానశాలలో చోటు దొరకడమే గగనమైంది. రై రొట్టె ముక్కల్ని నూనెలో వేయించి వెల్లుల్లి రాసి తెస్తారు. శాకాహారికి ఇంతకంటే ఏం కావాలి. ఆటను నడిపించే యొకుబాయిటిస్ గ్రూపు దశలోనే మోకాలి గాయంతో తప్పుకున్నాడు కాబట్టి ఎవరికీ పెద్ద ఆశలు లేవు. పైగా రీగాలో లాత్వియా సొంత జనం, వాళ్ళ తార పోర్జింగిస్. ఆ రోజు లిథువేనియా ఆటగాడు వెలిచ్కా లేచాడు. మొదటి పావులో అతను ఇద్దరి నడుమనుంచి బంతిని సహచరుడు వలాంచ్యూనాస్ చేతుల్లో పెట్టినప్పుడు, మా బల్ల దగ్గరి పెద్దావిడ గ్లాసు కింద పెట్టి "సబోనిస్!" అంది. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆ ఊళ్ళో లేదు. 88–79తో గెలిచారు. అదే రోజు ఫిన్లాండ్ సెర్బియాను ఇంటికి పంపిందని తెలిసి పానశాల మరోసారి అరిచింది.

మర్నాడు నెమునాస్ దీవిలోని జల్గిరిస్ అరీనాకు నడిచాం. 2011లో తెరిచారు, పదిహేను వేలకు పైగా కూర్చోవచ్చు. మిత్రుడు బయటే నిలబడి కథ చెప్పాడు. 2021 జులైలో ఇక్కడే టోక్యో ఒలింపిక్స్ అర్హత ఫైనల్. ఎదుట స్లొవేనియా, ఆ జట్టులో ఇరవై రెండేళ్ళ లుకా డోంచిచ్. అతనొక్కడే 31 పాయింట్లు, 11 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడాలు), 13 అసిస్టులు (బుట్ట పడేలా ఇచ్చిన పాస్‌లు). స్లొవేనియా 96–85తో గెలిచింది. స్వాతంత్ర్యం వచ్చాక లిథువేనియా లేని ఒలింపిక్స్ అదే మొదటిది. పారిస్‌కూ వెళ్ళలేకపోయారు. లిథువేనియా కంటే చిన్న దేశం, వాళ్ళ సొంత గడ్డ మీద, వాళ్ళకు ప్రాణమైన పాస్‌ల ఆటతోనే కొట్టింది. "అతన్ని తిట్టడానికి కూడా నోరు రాలేదు" అన్నాడు మిత్రుడు.

మంగళవారం క్వార్టర్‌ఫైనల్లో గ్రీసు గెలిచింది. 87–76. గ్రీసు తార యానిస్ అంటెటొకుంపోను ఆపడానికి ఒకరి తర్వాత ఒకరు వెళ్ళారు, ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. నాన్నగారు ఇంట్లోనే చూశారు. చివరి నిమిషాల్లో లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టారు. అమ్మగారు మాత్రం కదలకుండా చివరిదాకా చూసి, రీబౌండ్ల దగ్గర నిద్రపోయారని తేల్చేశారు.

ఫైనల్ నాటికి మేం వార్సాలో ఉన్నాం. జర్మనీ 88–83తో టర్కీని ఓడించింది. 2023 ప్రపంచ కప్పూ వాళ్ళదే. జర్మన్ తండ్రికీ గాంబియా తల్లికీ పుట్టిన డెనిస్ ష్రోడర్ ఉత్తమ ఆటగాడు. మిత్రుడు మ్యాచ్ సగంలో నాన్నగారికి ఫోను చేశాడు. ఓదార్చడానికేమో అనుకున్నాను. పది నిమిషాలు గట్టిగా వాదించుకుని పెట్టేశాడు. ఏమిటి సంగతి అంటే, నవంబరులో ప్రపంచ కప్పు అర్హత పోటీలు మొదలవుతాయి, వెలిచ్కాను మొదటి అయిదుగురిలో దింపాలా వద్దా అని.