ఫాఫ్సాలో ఆదాయం తప్పు పడితే: నెల్లూరు, ఒంగోలు వైపు తల్లిదండ్రులకు

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళు పిల్లల కాలేజీ సాయం కోసం ఫాఫ్సా, అంటే ఫెడరల్ ప్రభుత్వ సాయానికి పెట్టే దరఖాస్తు, పంపాక ఒకటి నుంచి మూడు రోజుల్లో సమరీ వస్తుంది. అందులో ఎస్‌ఏఐ (స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్) అనే అంకె ఉంటుంది. అది మైనస్ 1500 నుంచి 9,99,999 దాకా ఎంతైనా ఉండొచ్చు. ఎంత తక్కువుంటే అంత సాయం. మీ ఇంటి రాబడికీ ఆ అంకెకూ పొంతన కుదరకపోతే వెంటనే ఫారం తెరిచి దిద్దడం మొదలుపెట్టకండి. ఆదాయం అంకె ఆ ఫారంలోకి ఏ దారిన వచ్చిందో ముందు తేల్చుకోండి. మీరు చేత్తో కొట్టిన అంకె అయితే మీరే దిద్దొచ్చు. అమెరికా టాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా వచ్చినదైతే మీ చేతుల్లో లేదు, కాలేజీ ఎయిడ్ ఆఫీసు చేయాలి. అంకె సరైనదే అయి, ఆ తర్వాత ఉద్యోగం పోయి ఉంటే అది దిద్దుబాటే కాదు, దానికి వేరే అర్జీ ఉంది. ఈ మూడూ కలిపేసుకోవడం వల్లే నెలలు వృథా అవుతాయి.

2024-25 ఫారం నుంచి పద్ధతి మారింది. తల్లీ తండ్రీ పిల్లా ఎవరి ఖాతాలో వాళ్ళు సమ్మతి ఇస్తే ఐఆర్‌ఎస్ దగ్గరున్న రిటర్న్ వివరాలు వాటంతటవే వస్తాయి. సమ్మతి ఇవ్వకపోతే ఫెడరల్ సాయం అసలు రాదు. భార్యాభర్తలు కలిపి రిటర్న్ వేస్తే ఒకరి సమ్మతి చాలు, విడివిడిగా వేస్తే ఇద్దరిదీ కావాలి. వాడేది రెండేళ్ళ కిందటి రిటర్న్: 2026-27 ఫారానికి 2024 ఆదాయం. ఇలా వచ్చిన అంకెలు మీకు తెరమీద కనపడవు, ఐఆర్‌ఎస్ నుంచి వచ్చాయన్న మాట మాత్రమే కనపడుతుంది.

మనవాళ్ళకు మొదటి చిక్కు పేర్ల దగ్గరే. సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంటిపేరు ఒకలా, స్టూడెంట్ ఎయిడ్ ఖాతాలో ఇంకోలా, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. పేరు, పుట్టినతేదీ, నంబరు కలవకపోతే వివరాలు రావు, అప్పుడు ఫారం మిమ్మల్నే చేత్తో నింపమంటుంది. ఆదాయం తప్పులు ఎక్కువగా పుట్టేది అక్కడే. తల్లికి సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండా ఐటిన్ (టాక్స్ కోసం ఇచ్చే నంబరు) మాత్రమే ఉంటే, కలిపి రిటర్న్ వేసిన ఇంట్లో నంబరున్న తండ్రి తరఫున నింపడం తేలిక.

చేత్తో నింపేటప్పుడు పడే తప్పులు దాదాపు అందరివీ ఒకటే. కంపెనీ ఇచ్చే జీతం కాగితం డబ్ల్యూ-2 మొదటి గడిలోని జీతాన్ని ఏజీఐ (సర్దుబాట్ల తర్వాత తేలే మొత్తం ఆదాయం) అని రాయడం ఒకటి. ఏజీఐ 2024 టాక్స్ రిటర్న్, అంటే ఫారం 1040లో 11వ వరుసలో ఉంటుంది. కట్టిన టాక్స్ అడిగిన చోట జీతంలోంచి పట్టుకున్న మొత్తాన్ని, అంటే 25వ వరుసను రాయడం ఇంకొకటి. అడిగేది 22వ వరుస దగ్గర తేలే టాక్స్. ఇది ఎక్కువ రాస్తే ఎస్‌ఏఐ లేనిపోని తక్కువ చూపిస్తుంది, కాలేజీ కాగితాలు సరిచూసే వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. సెంట్లు కలిపి కొట్టి 85,000 డాలర్లను 85 లక్షలు చేసినవాళ్ళూ ఉన్నారు. 401(కె)లో, అంటే కంపెనీ రిటైర్మెంట్ ఖాతాలో, దాచుకున్న సొమ్మును ఆదాయానికి తిరిగి కలపడం పాత పద్ధతి, 2024-25 నుంచి ఫాఫ్సాలో అది లేదు. కొన్ని కాలేజీలు విడిగా కోరే సీఎస్ఎస్ ప్రొఫైల్ ఫారం మాత్రం ఇంకా అడుగుతుంది. ఆ ఫారంలో రాసింది చూసి ఇక్కడ కూడా రాస్తే తప్పే.

ఐఆర్‌ఎస్ వివరాలు సరిగ్గా వచ్చినా ఆదాయం పెరిగిపోయే చోటు ఒకటుంది. కంపెనీ మారినప్పుడు పాత 401(కె) డబ్బును మన సొంత రిటైర్మెంట్ ఖాతా ఐఆర్‌ఏలోకో కొత్త కంపెనీ ప్లాన్‌లోకో మార్చుకుంటాం. అది టాక్స్ పడే డబ్బు కాదు. కానీ ఫారం 1040లో 5ఎ వరుసలో మొత్తం, 5బి వరుసలో సున్నా, పక్కన రోలోవర్ (ఇలా మార్చుకున్న డబ్బు) అన్న మాట పడతాయి. ఐఆర్‌ఏ నుంచి ఐఆర్‌ఏకి మారిస్తే అవే 4ఎ, 4బి. ఫాఫ్సా లెక్క 5ఎ లోంచి 5బి తీసేసి మిగిలిన మొత్తాన్ని టాక్స్ పడని పింఛనుగా ఆదాయానికి కలుపుతుంది. ఏజీఐ 1,18,000, రోలోవర్ 64,000 అనుకోండి, మీ ఆదాయం 1,82,000 అయి కూర్చుంటుంది. దీన్ని ఆపడానికే రోలోవర్ ఎంత అని ఫారంలో ఒక ప్రశ్న ఉంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే జరిగేది ఇదే. మంచి సంగతేమిటంటే ఆ గడి మీరు చేత్తో నింపేదే కనుక దిద్దుకోవచ్చు. ఆ డబ్బు తీసినందుకు వచ్చే 1099-ఆర్ కాగితంలో 7వ గడిలో జి అన్న కోడ్ ఉందేమో చూసి, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఎయిడ్ ఆఫీసు అడుగుతుంది. ఉద్యోగాలు తరచూ మారే మన ఐటీ కుటుంబాలు ఎస్‌ఏఐ చూసి బెదిరినప్పుడు మొదట చూడాల్సింది ఇదే.

ఇక ఊరి లెక్కలు. గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉన్నవాళ్ళు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అమెరికా రిటర్న్‌లో చూపాలి. పొలం రాబడికి ఇండియాలో టాక్స్ లేదు కాబట్టి ఇక్కడా అక్కర్లేదనుకోవడం మన వైపు గట్టిగా నాటుకుపోయిన పొరపాటు. కోవూరు దగ్గర మాగాణి కౌలు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల లీజు, కొండపి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ మీద వచ్చేది, ఎన్ఆర్ఓ (ఇండియాలోని ఎన్నారై బ్యాంకు) ఖాతా వడ్డీ, అన్నీ లెక్కలోకొస్తాయి. పాస్‌బుక్ మీ పేరున ఉంటేనే సుమా. నాయన పేరున ఉండి ఆయనే అనుభవిస్తుంటే అది మీ ఆదాయమూ కాదు, మీ ఆస్తీ కాదు, ఫారంలో రాయొద్దు. భాగాలు పంచుకుని మీ పేరున రిజిస్టరయ్యాక కూడా నాయనే కౌలు తీసుకుంటుంటే టాక్స్ చేసేవాళ్ళను అడిగి తేల్చుకోండి.

కౌలు ఎంత అని ఫోన్‌లో అడిగితే ఊళ్ళోవాళ్ళు డాలర్లలో చెప్పరు, రూపాయల్లో కూడా చెప్పరు. ఎకరాకి ఒక పుట్టి అంటారు. నెల్లూరు పుట్టి 850 కిలోలు. 2024-25లో ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు, అంటే పుట్టి 19,720. నాలుగెకరాలకు నాలుగు పుట్లయితే 78,880 రూపాయలు. డాలరుకు 84 చొప్పున 939 డాలర్లు. అసలు అమ్మిన ధర తెలిస్తే అదే వాడండి, ఆ చీటీ ఫోటో తీయించి పెట్టుకోండి. ఈ లెక్క పిల్లవాడికి వాట్సాప్‌లో 78,880 అని మాత్రం పంపితే, వాడు డాలర్లనుకుని కొడతాడు. ఏ అంకె పంపినా వెనక రూపాయలో డాలర్లో రాయండి.

ఈ ఆదాయం అసలు రిటర్న్‌లోనే లేకపోతే ఫాఫ్సా దిద్ది లాభం లేదు. ముందు రిటర్న్‌ను సవరించే ఫారం 1040-ఎక్స్ వేయాలి. ఐఆర్‌ఎస్‌కి మామూలుగా 8 నుంచి 12 వారాలు, ఒక్కోసారి 16 వారాలు పడుతుంది. అది ముగిసేదాకా ఆగకుండా సంతకం చేసిన 1040-ఎక్స్ నకలును, పాత రిటర్న్‌ను ఎయిడ్ ఆఫీసుకు పంపండి. ఐఆర్‌ఎస్ నుంచి వచ్చిన అంకెను మార్చే వీలు వాళ్ళకే ఉంది. ఎన్ఆర్ఓ, ఎన్ఆర్ఈ, డిపాజిట్లు అన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలిచ్చే ఎఫ్‌బార్ కూడా వేయాలి. ఇన్నేళ్ళు వేయకపోతే తెలిసిన సీపీఏతో (టాక్స్ అకౌంటెంటుతో) మాట్లాడి, రెండూ కలిపి సరిచేసుకోండి.

ఆస్తి ఆదాయం కాకపోయినా ఎస్‌ఏఐ పెంచేది కాబట్టి ఇక్కడే చెప్పాలి. సంతకం పెట్టిన రోజున ఎంత విలువో అదే రాయాలి, ఆ రోజు మారకం రేటుతో. తర్వాత ఖాతాలో డబ్బు తగ్గిందని దిద్దడం కుదరదు. ఆ రోజుకే తప్పు రాసి ఉంటే దిద్దొచ్చు. మీరుంటున్న ఇల్లు, రిటైర్మెంట్ ఖాతాలు, ఎల్ఐసీ పాలసీ విలువ, ఒంటి మీది నగలు లెక్కలోకి రావు. నెల్లూరులో కొని వదిలేసిన స్థలం వస్తుంది. అక్కడ అంకణం 72 చదరపు అడుగులు, 30 అంకణాలంటే 240 గజాలు. అంకణం లక్ష పలికితే 30 లక్షలు, డాలరు 88 అనుకుంటే సుమారు 34,000 డాలర్లు. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ కాదు, ఇవాళ అమ్మితే వచ్చే విలువ రాయాలి, దాని మీద అప్పుంటే తీసేయాలి. 2026-27 నుంచి కుటుంబం నివసించే పొలానికీ, 100 మంది లోపు పనివాళ్ళున్న సొంత వ్యాపారానికీ మినహాయింపు తిరిగి వచ్చింది. మీరు డాలస్‌లో ఉండి కౌలుకిచ్చిన పొలం అందులోకి రాదు.

తాతయ్య మనవరాలి పేరున బ్యాంకులో వేసిన డిపాజిట్ చాలా ఇళ్ళలో ఉంది. పిల్ల పేరున ఉన్న ఆస్తిలో 20 శాతం ఎస్‌ఏఐకి కలుస్తుంది. తల్లిదండ్రులదైతే గరిష్ఠంగా 5.64 శాతం. ఆరు లక్షల డిపాజిట్ 6,818 డాలర్లనుకుంటే, పిల్ల పేరున 1,364 కలుస్తుంది, మీ పేరునైతే 385కి మించదు. కాగితంలో ఎవరి పేరుందో వాళ్ళ గడిలోనే రాయాలి. తాతయ్య ప్రేమతో వేసింది కదా అని వదిలేయడానికి లేదు.

దిద్దే పని పిల్లల ఖాతాలో మొదలవుతుంది. స్టూడెంట్ ఎయిడ్ సైటులో లాగిన్ అయి, యాక్టివిటీ పేజీలో ప్రాసెస్ అయిన ఫారం తెరిచి, కరెక్షన్ చేసే మీట నొక్కాలి. ఇంకా సమీక్షలో ఉంటే ఆ మీట రాదు, ఒకటి రెండు రోజులు ఆగాలి. పిల్లలు ఫారం అంతా దిద్దొచ్చు, తల్లిదండ్రులు తమ భాగం మాత్రమే. తల్లిదండ్రుల అంకె మారితే వాళ్ళు మళ్ళీ సంతకం పెట్టాలి. ఇది మర్చిపోయి వారాల తరబడి ఎదురుచూసేవాళ్ళు ఎక్కువ. తప్పులన్నీ ఒకే విడతలో సరిచేయండి. వెరిఫికేషన్‌కి ఎంపికైతే ఏ అంకెలోనైనా 25 డాలర్ల తేడా ఉన్నా కాలేజీ దిద్దించాల్సిందే. 2026-27 ఫారానికి ఫెడరల్ గడువు 2027 జూన్ 30. కానీ రాష్ట్రాలకూ కాలేజీలకూ చాలా ముందే ముగుస్తుంది, కాలిఫోర్నియాకి మామూలుగా మార్చి 2. కావాలని తప్పు రాస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా ఉండొచ్చు.

జీతమెంతో పిల్లలకు చెప్పడం మన ఇళ్ళలో అలవాటు లేదు. ఊళ్ళో ఏముందో అసలే చెప్పం. ఇక్కడ దరఖాస్తు పిల్లదే, లాగిన్ పిల్లదే, సంతకం పిల్లదే. చెప్పకపోతే అది ఊహించి రాస్తుంది, లేదా సున్నా పెడుతుంది. పిల్ల ఖాతాను మీ ఫోను నంబరుతో మీరే తెరిచి నడిపిస్తే, కోడ్ మీ ఫోనుకి వస్తుంది, హాస్టల్లో ఉన్న పిల్ల లాగిన్ కాలేదు. ఒక సాయంత్రం రిటర్న్, పాస్‌బుక్, డిపాజిట్ రసీదు టేబుల్ మీద పెట్టి, ఏ వరుసలో ఏముందో కలిసి చూడండి. పదిహేడేళ్ళ పిల్లకు ఇంటి లెక్క తెలియడంలో నష్టం లేదు. ఎంత అప్పు చేసి చదవాలో తేల్చుకునేది ఆ పిల్లే.

ఉద్యోగం పోయి ఉంటే ఆదాయం గడిని ముట్టుకోకండి. 2024 అంకె 2024దే. మారిన పరిస్థితి చూసి లెక్క సవరించమని, అంటే ప్రొఫెషనల్ జడ్జిమెంట్ కోసం, ప్రతి కాలేజీనీ విడిగా అడగాలి. ఉన్నత విద్యా చట్టంలోని 479ఎ సెక్షన్ ఎయిడ్ ఆఫీసుకు ఆ అధికారం ఇచ్చింది. ఊళ్ళో పొలం అమ్మిన ఏడాది ఒక్కసారే ఆదాయం పెరిగినా ఇదే దారి. లేఖ ఒక పేజీకి మించనక్కర్లేదు. ఉద్యోగం ఎప్పుడు పోయింది, సెవరెన్స్ (కంపెనీ తీసేస్తూ ఇచ్చిన సొమ్ము) ఎంత, ఈ ఏడాది చివరికి ఎంత రాబడి ఉంటుందని అంచనా, అంతే. లేఆఫ్ లెటర్, చివరి పే స్టబ్, నిరుద్యోగ భృతి కాగితం జత చేయాలి. లేఖ పిల్ల పేరున, పిల్ల కాలేజీ ఐడీ నంబరుతో కాలేజీ పోర్టల్లోనే ఎక్కించండి. సోషల్ సెక్యూరిటీ నంబరున్న కాగితాలు మామూలు ఈమెయిల్లో పంపొద్దు. వారం దాటినా కదలిక లేకపోతే పిల్ల చేతే ఫోన్ చేయించండి, పిల్ల అనుమతి లేకుండా చాలా కాలేజీలు తల్లిదండ్రులతో మాట్లాడవు.